బావగారికి సరిపోయే మాట

మా బావగారిలో ఉన్న ఒక గుణానికి పేరు వెతుకుతూ నేను చాలాకాలం గడిపాను. పేరు తెలిస్తే సగం బాధ తీరుతుందని ఆశ. ఒక్కొక్కరూ ఒక్కో మాట అనేవారు. ప్రతి మాటా ఆయనకి ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉండేది.

ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. మేడ మీద అక్కా బావగారూ, అమ్మా నేనూ ఉండే ఇల్లు, కింద స్కూలు, వెనక పెరట్లో రేకుల షెడ్డు, షెడ్డు కింద ఒక పాత కారు. ఆఫీసులో కూర్చునేది నేను. ఫోన్లు ఎత్తడం, ఎవరికి ఏ వేళకి పాఠమో చెప్పడం, పాఠం మధ్యలో లేచి వచ్చేసినవాళ్లకి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టడం నా పని. ఈ మూడో పని గురించి చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్లు మొదటి వారమంతా షెడ్డు కిందే కూర్చుంటారు. ఇంజన్ వెయ్యరు. తాళంచెవి బావగారి చొక్కా జేబులో ఉంటుంది. కదలని కారులో క్లచ్చు తొక్కాలి, వదలాలి, గేర్లు మార్చాలి, అద్దాలు చూసుకోవాలి, వెనక ఉన్న గోడని చూసి అది దగ్గరికొస్తోందో దూరమవుతోందో చెప్పాలి. ఇదంతా ఒక పద్ధతి అనుకుని ఓర్చుకునేవాళ్లు కూడా ఓర్చుకోలేనిది ఒకటుంది. అది ఆయన నోరు.

ఒకసారి బేకరీ నడిపే ఒకాయన చేరాడు. పొద్దున్నే ఊరంతా సరుకు వెయ్యాలి, త్వరగా నేర్పండి అని నన్ను బతిమాలాడు. నేను పెరట్లోకి పంపించాను. కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది.

"బండి అంటే ఏమిటి?" అని అడిగారు బావగారు.

"అదేంటండీ, ఇదే కదా," అన్నాడాయన స్టీరింగ్ మీద చెయ్యి వేసి.

"చెయ్యి తియ్యండి. నేను చూపించమనలేదు, చెప్పమన్నాను."

"నాలుగు చక్రాలుంటాయి. పోతుంది."

"పోవడం రాయికి కూడా వచ్చు, కొండ మీంచి తోస్తే. మనం ఆపితే ఆగేదాన్ని బండి అంటారు. ఇప్పుడు ఆగడం అనగానేమో చూద్దాం."

ఆయన నోట 'అనగానేమి' వచ్చిందంటే ఇక గంట గల్లంతే. మామూలు మాటల్లో మొదలుపెట్టి, ఉన్నట్టుండి పుస్తకాల భాషలోకి దిగిపోతారు. అద్దం అనగా వెనక్కి చూసే కన్ను. హారన్ అనగా క్షమాపణ, బెదిరింపు కాదు. ఇలా ఒక్కోదానికీ ఒక నిర్వచనం, దానికి ఒక ఉదాహరణ, ఉదాహరణలో ఒక నీతి. చివరికి బేకరీ ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, మంచినీళ్లు తాగి, "అమ్మా, మీ మాస్టారి దగ్గర బండి నడుస్తుందా, నోరేనా?" అని అడిగి, చల్లగా ఎదుటి స్కూలుకి జారుకున్నాడు. ఎదుటి స్కూలు గోడ మీద 'మొదటి రోజే రోడ్డు మీదికి' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని యజమానిని అందరూ తుర్రు మాస్టారంటారు.

మా బావగారికి నేర్చుకునేవాళ్లు పెట్టిన పేరు ఇంజన్ ఆఫ్ మాస్టారు. అది ఆయన పద్ధతికి పేరే కానీ ఆ గుణానికి కాదు. మా మెకానిక్ సుత్తి అంటాడు. సుత్తిలో ఒక సౌకర్యం ఉంది, లేచి వెళ్లిపోవచ్చు. ఈయన వెంట వస్తారు. నస అందామంటే, నస అనేది సన్నగా సాగాలి. ఈయనది కంచు గొంతు. పక్కింటావిడ 'పండితులు' అని దీర్ఘం తీసి మూతి తిప్పుతుంది. ఆరిందా అనేది ఏమీ తెలియకపోయినా అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్లని కదా, ఈయనకి తెలుసు. సుద్దులు చెప్పేవాడంటే, అలాంటివాళ్లు చెప్పింది తాము చెయ్యరు కాబట్టి మనం చాటుగా నవ్వుకోవచ్చు. ఈయన చెప్పిందల్లా చేస్తారు. మనిషన్నవాడు లేని పెరట్లో కూడా మలుపు తిరిగే ముందు సిగ్నల్ లైటు వేస్తారు. నవ్వడానికి కూడా సందు ఇవ్వని మనిషిని ఏం చేసుకోవాలి?

అమ్మ మాత్రం ఛాదస్తం అంటుంది. "మీ బావది వట్టి ఛాదస్తమే, మనసు మంచిది," అంటుంది. ఛాదస్తం అన్నామంటే సగం క్షమించేసినట్టే. ఆ మాట నాకు అందుకే నచ్చదు. గ్లాసు బల్ల అంచున పెట్టారని అమ్మకి పాఠం, తలుపు గొళ్లెం సగమే వేశావని నాకు పాఠం, మెట్లు దిగేటప్పుడు చేతిలో ఫోను ఎందుకని ఇంటికొచ్చినవాళ్లకి పాఠం. ఛాదస్తానికి కాస్త వయసు రావాలి కదా. ఈయనకి పెళ్లినాటికే ముదిరిపోయి ఉంది.

ఒకసారి విసుగెత్తి మొహం మీదే అడిగాను. "బావగారూ, మీకున్న ఈ అలవాటుని మీరేమంటారు?"

"జాగ్రత్త అంటాను," అన్నారు ఏమాత్రం తడుముకోకుండా. "జాగ్రత్త అనగా..."

నేను ఫోను మోగినట్టు నటించి ఎత్తాను.

ఇదంతా నాకూ, చేరి పారిపోయినవాళ్లకీ సంబంధించిన బాధ. అసలు బాధ మా అక్కది. ఊళ్లో సగం మందికి బండి నేర్పిన మనిషి, కట్టుకున్న పెళ్లాన్ని గేటు దాటించలేదు. పెళ్లయిన కొత్తలో మొదలైన పాఠం అది. సెలవు దొరికిన రోజల్లా అక్క షెడ్డు కింద కూర్చునేది, ఆయన పక్కన కూర్చుని మాట్లాడేవారు. మిగిలినవాళ్లకి ఒక వారం, అక్కకి ఏళ్లు. ఒక్కసారి మాత్రం ఇంజన్ వేయించి గేటు దాకా తీసుకెళ్లారు. గేటు దగ్గర ఆపించి, గేటు గురించి మాట్లాడారు.

అక్క మాట తక్కువ మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ ఆయనే వాడేస్తుంటే ఆవిడకేం మిగులుతాయి? ఆస్పత్రిలో నర్సు. పొద్దున బస్సెక్కి వెళ్లడం, సాయంత్రం కాళ్లు పీక్కుపోతూ రావడం. అలాంటిది ఒకరోజు వస్తూనే మేడెక్కకుండా నా ఆఫీసులోకి వచ్చి కూర్చుంది.

ఆస్పత్రిలో కొత్త పని ఒకటి పెట్టారట. మంచం పట్టినవాళ్ల ఇళ్లకే వెళ్లి కట్లు మార్చడం, మందులివ్వడం, ఒళ్లు తుడిచి పడుకోబెట్టడం. ఒక్కరినే తీసుకుంటారు. చిన్న కారు వాళ్లే ఇస్తారు. పెద్ద నర్సు మా అక్క పేరే చెప్పింది. కానీ నెలాఖరులోపు లైసెన్సు చూపించాలి, లేకపోతే ఇంకొకరికి వెళ్లిపోతుంది.

"వార్డులో ఒక్కో మంచం దగ్గర నిలబడటానికి కూడా తీరిక ఉండదే," అంది అక్క. "ఇళ్లకి వెళ్తే పక్కన కూర్చోవచ్చు. నాకు ఆ పని కావాలే."

కావాలి అనే మాట మా అక్క నోట నేను విని ఎన్నాళ్లయిందో.

ఆ పూట భోజనాల దగ్గర అక్కే మాట ఎత్తింది. "నెలాఖరులోపు నాకు లైసెన్సు కావాలండీ. పరీక్షకి పంపించండి."

బావగారు విషయమంతా విన్నారు. విన్నాక మంచినీళ్ల గ్లాసుని బల్ల అంచు నుంచి లోపలికి జరిపారు. "పంపించడం ఎంతసేపు? పరీక్ష ప్యాసవడం వేరు, బండి నడపడం వేరు. నువ్వింకా సిద్ధం కాలేదు. సిద్ధం కావడం అనగా..."

"భోజనం చల్లారిపోతోంది అల్లుడుగారూ," అంది అమ్మ.

"ఎప్పటికి అవుతానండీ?" అంది అక్క.

"ఎప్పుడవుతానని అడగడం మానేసిన రోజున అవుతావు."

నాకు ఒళ్లు మండిపోయింది. "బావగారూ, ఆ బేకరీ ఆయన ఎదుటి స్కూల్లో నేర్చుకుని అప్పుడే సరుకు వేస్తున్నాడు," అన్నాను.

"వెయ్యనీ. గోడలు జాగ్రత్తగా చూసుకోమని ఊళ్లోవాళ్లకి చెప్పు," అని, గోడకీ బండికీ మధ్య ఉండవలసిన దూరం గురించి మొదలుపెట్టారు. అక్క కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఆయన మిగతాది అమ్మకి చెప్పారు.

మర్నాడు అక్కకి సెలవు. మధ్యాహ్నం బావగారు ఎవరినో రోడ్డు మీదికి తీసుకెళ్లిన సమయం చూసి, నేను అక్కని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. తుర్రు మాస్టారు మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. విషయం చెప్పగానే నవ్వలేదు, వెటకారం చెయ్యలేదు, తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టాడు. నేను వెనక సీట్లో ఎక్కాను.

అక్క ఎక్కలేదు. బండి చుట్టూ తిరిగింది. నాలుగు చక్రాలూ చూసింది, వంగి బండి కింద చూసింది. ఎక్కి సీటు జరుపుకుంది, అద్దాలు సరిచేసుకుంది, తలుపు మళ్లీ తీసి మళ్లీ వేసింది. తుర్రు మాస్టారు ఓపిగ్గా చూసి చూసి, "అమ్మా, బండి కొనడానికొచ్చారా, నేర్చుకోవడానికొచ్చారా?" అన్నాడు.

అక్క ఇంజన్ వేసింది. బండి ఒక్క కుదుపు లేకుండా కదిలి రోడ్డెక్కింది.

"క్లచ్చు ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?" అన్నాడాయన. అప్పుడు నాకు బావగారి మీద కోపం తగ్గాలి కదా? రెట్టింపయింది. ఆయన చెప్పేది తప్పయితే అవతల పారేసి ఊరుకోవచ్చు. ఒప్పే. అన్నీ ఒప్పులే. అన్నీ ఒప్పులే చెప్పి, ఒక మనిషిని ఇన్నేళ్లు రేకుల కింద కూర్చోబెట్టారు.

కొంతదూరం పోయాక మొదటి మలుపు వచ్చింది. అక్క సిగ్నల్ లైటు వేసి ఆగింది. ఎదురుగా బండి లేదు, మనిషి లేడు. అయినా కదల్లేదు. వెనకాల వ్యాను వాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యడం లేదు. తుర్రు మాస్టారు అటూ ఇటూ చూసి, "ఏదైనా అడ్డం వచ్చిందా అమ్మా?" అన్నాడు.

"ఎందుకాగావక్కా?" అన్నాను నేను.

అక్క ఉలిక్కిపడి నా వైపు చూసింది. "ఆయన చెప్పడం అవనీ అని," అంది.

పక్కన లేని మనిషి మాట పూర్తయ్యేదాకా మా అక్క రోడ్డు మీద ఆగిపోయింది. ఎన్ని పాఠాలు వింటే మనిషికి అలా అవుతుంది? నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తుర్రు మాస్టారు మాత్రం నెమ్మదిగా, "అయిపోయిందమ్మా. పోనివ్వండి," అన్నాడు.

ప్రతి మలుపు దగ్గరా అదే తంతు. బండి నడపడం అక్కకి వచ్చు, ఆగకుండా ఉండటం రాదు. అది పోగొట్టడానికి రోజూ మధ్యాహ్నం వెళ్లింది. ఆస్పత్రిలో వేళలు మార్పించుకుంది. బావగారికి మాత్రం చెప్పలేదు. చెబితే దాని మీద ఒక పాఠం, ఆ పాఠానికి ఒక వారం. మాకంత వ్యవధి లేదు.

పరీక్ష రోజు రానే వచ్చింది. మైదానంలో బళ్లు వరసగా నిలబడ్డాయి. తుర్రు మాస్టారి కారులో అక్క, ఆమె పక్కన పరీక్ష పెట్టే అధికారి. నేను కాస్త దూరంలో గోడ పక్కన నిలబడ్డాను. అంతలో మా స్కూలు కారు వచ్చి ఆగింది. ఎవరినో పరీక్షకి తీసుకొచ్చిన బావగారు అందులోంచి దిగారు. దిగి, అటూ ఇటూ చూసి, అక్కని చూశారు. ఎదుటి స్కూలు పేరున్న కారుని చూశారు. నన్ను కూడా చూశారు. నేను గోడలో కలిసిపోవాలని చూశాను.

అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. నడుచుకుంటూ వెళ్లి అక్క కిటికీ దగ్గర వంగారు.

"సీటు ముందుకి జరుపుకున్నావా?"

"జరుపుకున్నానండీ."

"అద్దం?"

"చూశానండీ."

"చూడటం వేరు. అద్దం చూడటం అనగా..."

అధికారి తల ఇటు తిప్పాడు. "మాస్టారూ, పరీక్ష ఆవిడకా, మీకా?"

అక్క ఆయన మొహంలోకి ఒకసారి చూసి, కిటికీ అద్దం పైకెత్తేసింది. బావగారి నోరు ఇంకా ఆడుతూనే ఉంది. మా వైపుకి మాటలు వస్తున్నాయి, లోపలికి పోవడం లేదు. బండి కదిలింది. మలుపుల దగ్గర ఎంత ఆగాలో అంతే ఆగింది.

అక్క ప్యాసయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందోనని అమ్మా నేనూ చూస్తూ కూర్చున్నాం. బావగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎదుటి స్కూల్లో నేర్పే పద్ధతిలో ఉన్న లోపాలన్నీ వరసబెట్టి చెప్పారు. పెళ్లాం చెప్పకుండా వెళ్లిందన్న మాట లేదు, బాధపడ్డానన్న మాట లేదు. చక్రం పట్టుకునే తీరు, చూపు నిలిపే దూరం. నేను పళ్లు నూరుకుంటూ విన్నాను. చివరికి, "మీరంతా నాది ఛాదస్తమంటారు, నాకు తెలుసు. నాది జాగ్రత్త," అన్నారు.

"కాదండీ," అంది అక్క.

ఆయన ఆగారు. ఆ ఇంట్లో ఆయన మాటకి ఎవరూ అలా అడ్డం చెప్పలేదు.

"జాగ్రత్తయితే ఎక్కడో ఒకచోట చాలు అనిపించేది. మీది భయం. నేను గేటు దాటాక ఏమైపోతానో అని మీకు భయం. అది పైకి చెప్పలేక ఇన్నేళ్లూ నాకు క్లచ్చు గురించి చెప్పారు."

అక్క గొంతు పెంచలేదు. గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను అన్నాళ్లూ వెతికిన మాట అదే. ఎక్కడా వదులు లేదు, బిగుతు లేదు. దొరికితే సగం బాధ తీరుతుందనుకున్నాను కదా, తీరలేదు సరికదా ఇంకో చిరాకు వచ్చి పడింది. సుత్తి అని తిట్టుకోవచ్చు, పండితులని మూతి తిప్పవచ్చు. భయపడే మనిషిని ఏమని తిడతాం? చేతిలో ఉన్న కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆస్పత్రి కారు తెల్లది, చిన్నది. మొదటి రోజు పొద్దున ఇంటి ముందు నిలబెట్టి ఉంది. అక్క తయారై దిగేసరికే బావగారు దాని చుట్టూ తిరుగుతున్నారు. చక్రాల్లో గాలి తక్కువ, వెనక అద్దం మీద మరక, హారన్ గొంతు పీల. అక్క మందుల పెట్టె మెట్టు మీద పెట్టి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఊరికి అటు చివర ఒక ముసలాయన కట్టు మార్పించుకోవడానికి ఎదురుచూస్తున్నాడు. బావగారు పక్క సీటు వైపు తలుపు తీసి, లోపలికి వంగి చూసి, అలాగే నిలబడిపోయారు.

"నాకు ఆలస్యమవుతోందండీ," అంది అక్క.

"దీన్లో నా వైపు బ్రేకు లేదు," అన్నారు బావగారు.

స్కూలు కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మామూలు కార్లలో ఉండదు. ఆ సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ మాట అన్నారు. నిర్వచనం లేదు, ఉదాహరణ లేదు. నాకు మొట్టమొదటిసారి ఆయన మొహం వైపు చూడాలనిపించలేదు.

"ఈ బండిలో మీ వైపంటూ ఏమీ లేదండీ," అంది అక్క నెమ్మదిగా. "అక్కడ మందుల పెట్టె పెట్టుకోవాలి."

ఆయన కదల్లేదు. నేను మెట్టు దిగబోయాను, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆయనే వెళ్లి మెట్టు మీది పెట్టె తీశారు. తెచ్చి సీట్లో పెట్టారు. అటు జరిపి ఇటు జరిపి సరిగ్గా కుదిరేలా పెట్టి, బెల్టు లాగి దానికి బిగించి, ఊగుతుందేమోనని కదిపి చూసి, తలుపు వేశారు. అక్క ఇంజన్ వేసింది.

"పెట్టెకి బెల్టు ఎందుకంటే," అని ఆయన మొదలుపెట్టేసరికి బండి వీధి చివరికి చేరిపోయింది. అమ్మ చల్లగా లోపలికి వెళ్లిపోయింది. వినడానికి అక్కడ నేనొక్కదాన్నే మిగిలాను.